ఉచిత గోలీకి ఆటో కిరాయి

మా ఇంట్లో నెల ఖర్చులు రాసే పని నాది. పెళ్లయిన కొత్తలో అత్తమ్మ నేర్పిన అలవాటు. పాలు, కిరాణం, కరెంటు, పిల్లల ఫీజులు పోగా ఒక పేజీ మందులకు ఉంటుంది. ఆ పేజీలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడేవి బీపీ గోలీలు.

మొన్న పాత పుస్తకాలు సర్దుతుంటే 2017 నాటి లెక్క చేతికొచ్చింది. అప్పుడు అత్తమ్మను రెండు నెలలకోసారి ఊరి నుంచి కరీంనగర్ తీసుకొచ్చి ప్రైవేటు డాక్టరుకు చూపించేవాళ్లం. ఫీజు 300, ఏడాదికి ఆరుసార్లు అంటే 1,800. రాసిన గోలీ ఒక్కోటి 12 రూపాయలు, ఏడాదికి 4,380. అత్తమ్మకూ, తోడొచ్చే మనిషికీ రానూపోనూ బస్సు 160 చొప్పున 960. రక్తపరీక్షలకు 1,500. మొత్తం కలిపితే 8,640 రూపాయలు. అదీ ఒక్క అత్తమ్మకు, ఒక్క బీపీకి.

ఇప్పుడు ఆ పద్దులో రక్తపరీక్షల ఖర్చు తప్ప ఏమీ లేదు. గోలీలు ఊళ్లోనే ఇస్తున్నారు. నెలనెలా బీపీ చూస్తున్నారు. ఆ ఖర్చు మా పుస్తకంలోంచి సర్కారు పుస్తకంలోకి పోయింది, అంతే కదా అని మా ఆయన అన్నారు. పోయిన మాట నిజమే. కాని 8,640 రూపాయలుగా పోలేదు. అసలు సంగతి అక్కడే ఉంది.

2017 నవంబరులో దేశంలో బీపీ అదుపు కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. పేరు ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్. కేంద్ర ఆరోగ్యశాఖ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి చేసింది. ముందు ఐదు రాష్ట్రాల్లో 25 జిల్లాలు తీసుకున్నారు. పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్రతో పాటు మన తెలంగాణ. తెలంగాణలో మొదట తీసుకున్న కొద్ది జిల్లాల్లో మా కరీంనగర్ ఒకటి. ఇంత పెద్ద పేరున్న కార్యక్రమం మా అత్తమ్మకు తెలిసింది మాత్రం ఒక అట్టముక్క రూపంలో. దాని మీద ఆమె పేరు, తారీఖు, బీపీ అంకెలు, మళ్లీ ఎప్పుడు రావాలో రాసి ఉంటుంది. ఆ కార్డును ఆమె బ్యాంకు పాసుపుస్తకంతో కలిపి బీరువాలో దాస్తుంది.

పద్ధతి చాలా సాదాది. ఒక్కో డాక్టరు ఒక్కో కంపెనీ గోలీ రాయడం కాదు. రాష్ట్రమంతటికీ ఒకే వరస. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ అనే మూడు నాలుగు రకాల చుట్టూనే తిరుగుతుంది. 140/90 కంటే కిందికి రాకపోతే తర్వాత ఏ గోలీ కలపాలో ముందే రాసి ఉంటుంది. కొన్ని రకాలే కాబట్టి ఒక్కసారే లక్షల్లో కొనొచ్చు. బియ్యం బస్తా లెక్కన కొనడానికీ కిలో లెక్కన కొనడానికీ ఎంత తేడానో మనకు ఎవరూ చెప్పక్కరలేదు. టెండరు సంగతి పక్కన పెట్టండి, జన ఔషధి దుకాణంలో మనం పోయి కొన్నా ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ ఒక్కో గోలీ రూపాయి అటూఇటూగా దొరుకుతుంది. అంటే ఏడాదికి 400 లోపు. మా పుస్తకంలో 4,380 ఉన్న చోట.

రెండోది, ప్రతి నెలా డాక్టరు చూడక్కరలేదు. బీపీ అదుపులో ఉన్నవాళ్లకు నర్సే గోలీలు ఇచ్చి పంపొచ్చు. మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది. రాని వాళ్లను వెతుక్కుంటూ పోవడం. ప్రైవేటు డాక్టరు దగ్గరికి మనం ఆరునెలలు పోకపోతే ఆయనకు తెలియను కూడా తెలియదు. ఇక్కడ తారీఖు దాటితే ఆశ వర్కర్ గడపలో నిలబడుతుంది.

అత్తమ్మకు మొదట్లో అస్సలు నమ్మకం లేదు. "పుక్కటికి ఇచ్చే గోలి పనిజేస్తదా?" అని నన్ను నిలదీసింది. నేను రెండు కంపెనీల మందు పేర్లు పక్కపక్కన చూపించి లోపల ఉన్నది ఒకటేనని చెప్పినా వినలేదు. ఆమెను మార్చింది ఊళ్లో ఆశ వర్కర్. నేను ఊళ్లో ఉన్నప్పుడు ఒక పొద్దున వచ్చింది.

"పెద్దమ్మా, మొన్న తారీఖుకు రాలేదేంది? గోలీలు ఒడిసినయా?"

"ఇంకా నాలుగున్నయి బిడ్డా. రెండు రోజులు యాదిమరిచి ఏసుకోలే."

"అన్నం తినుడు మరుస్తున్నవా? గోలి ఎట్ల మరుస్తవ్?"

అత్తమ్మ నవ్వింది. కొడుకు చెప్తే వినని మనిషి, డాక్టరు చెప్తే తలూపి ఇంటికొచ్చి మరిచిపోయే మనిషి, ఆ పిల్ల మాటకు కదిలింది. ఎందుకంటే ఆ పిల్ల ఊరిది, ఎల్లుండి మళ్లీ ఎదురవుతుంది. మొన్న చూస్తే 132/80.

ఇలాంటివి ఊరికే అత్తమ్మ ఒక్కదాని కథలు కావు. మొదటి విడతలో 24 చోట్ల 20 వేల మందికి పైగా రోగులను లెక్క తీస్తే, మొదట్లో నూటికి 26 మందికే అదుపులో ఉన్న బీపీ, తర్వాత నూటికి 60 మంది దాకా అదుపులోకి వచ్చింది. 2022 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి తరఫున దీనికి అవార్డు ఇచ్చేనాటికి 23 రాష్ట్రాల్లో 130కి పైగా జిల్లాలకు పాకింది.

ఇక ఆదిలాబాద్ సంగతి.

మా వదినను ఉట్నూరు వైపు ఒక పల్లెలో ఇచ్చారు. నాలుగెకరాల పత్తి చేను. అన్నయ్యకు నలభై ఐదేళ్లకే బీపీ ఉందని తేలింది. మండల కేంద్రంలో సర్కారు గోలీలు ఉచితమే. కాని అది 14 కిలోమీటర్లు. షేర్ ఆటోకు రానూపోనూ 80. అది నిండే దాకా కదలదు, వరుసలో నిలబడి తిరిగొచ్చేసరికి పొద్దు పోతుంది. ఒక రోజు కూలి 500 పోయినట్టే. కూడితే ఉచిత గోలీకి నెలకు 580 రూపాయలు, ఏడాదికి 6,960. 2017లో మేం ప్రైవేటులో పెట్టిన దానికి పెద్ద తేడా ఏముంది?

అందుకే అన్నయ్య ఊళ్లోకి వచ్చే ఆర్ఎంపీ దగ్గర పదిహేను గోలీలు కొనేవారు, తల బరువు తగ్గగానే మానేసేవారు. పత్తి ఏరే రోజుల్లో అసలు గుర్తే ఉండేది కాదు. 2021 కార్తీకంలో ఒక తెల్లవారుజామున చేతిలో చెంబు జారిపోయింది, మాట ముద్దయింది. పక్షవాతం.

మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, అంతకుముందు స్కాన్ తీయాలి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు, నాగపూర్ 200. పల్లె నుంచి ఆదిలాబాద్ చేరడమే మొదటి గండం. అన్నయ్యను పెద్ద ఆసుపత్రికి చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది. తొమ్మిది రోజులకు 3 లక్షల 40 వేలు అయింది. ఎద్దులు పోయాయి, ఎకరం కౌలుకు పోయింది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఆరోగ్యశ్రీ లేదా అని చాలామంది అడిగారు. ఉంది. 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షలకు పెంచారు కూడా. మంచిదే. కాని అది మంచం మీద పడ్డ తర్వాత ఆసుపత్రి లోపలి ఖర్చుకు. ఇంటికొచ్చాక లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, రోజుకు రెండుసార్లు చెయ్యి వంచి చాపించడం, రాత్రి రెండుసార్లు లేవడం ఏ పథకంలోనూ లేవు. అవి వదిన చేస్తున్నది. ఆమె అంతకుముందు ఏడాదికి రెండు వందల రోజులైనా కూలికి పోయేది, 300 చొప్పున. అంటే ఏడాదికి 60,000. అది పోయిందని ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. వదిన కూడా రాసుకోలేదు. నేనే అడిగి లెక్క కట్టాను.

అప్పటినుంచి ఈ విషయం మీద దొరికినవన్నీ చదువుతున్నాను. ఊళ్లల్లో బీపీ కార్యక్రమాలు పెడితే ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా అని పరిశోధనలు చేసే వాళ్లున్నారు. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంకల్లో కలిపి ఒక పెద్ద ప్రయోగం చేశారు, కోబ్రా-బీపీఎస్ అని. ఊళ్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి బీపీ చూడటం, ఇంట్లో అందరితో మాట్లాడటం, అదుపులో లేనివాళ్లను డాక్టరు దగ్గరికి పంపడం. రెండేళ్ల తర్వాత ఆ ఊళ్లవాళ్ల పై బీపీ, మామూలు వైద్యం అందిన ఊళ్లవాళ్ల కంటే 5 పాయింట్లు ఎక్కువ తగ్గింది. ఖర్చు మనిషికి ఏడాదికి 11 డాలర్ల లోపే, మన లెక్కలో 900 రూపాయల చిల్లర.

5 పాయింట్లేనా అనిపించింది నాకు కూడా. కాని మందులతో పై బీపీ 5 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు నూటికి పది వంతులు తగ్గుతాయని 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వేల మంది మీద వేసి చూస్తే అది చిన్నది కాదు. అలాగని ప్రభుత్వానికి డబ్బు మిగిలిపోతుందని కూడా కాదు. వంద మందికి గోలీలిస్తే వంద పక్షవాతాలు ఆగవు. గోలీలు లేకున్నా అందరికీ వచ్చేది కాదు కదా. కొందరికి రాకుండా ఆపడానికి అందరికీ ఇవ్వాల్సిందే, ఆ కొందరు ఎవరో ముందే తెలియదు. ఇన్సూరెన్సు కట్టినట్టే. మిగులు చూస్తే ఉండకపోవచ్చు, విలువ మాత్రం ఉంది.

మన పక్కనే ఆంధ్రలో చేసిన రెండు ప్రయోగాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి అర్థమైంది. పశ్చిమ గోదావరి జిల్లాలో 54 ఊళ్లల్లో ఆశ వర్కర్లకు ట్యాబ్‌లు ఇచ్చి, ఎవరికి ప్రమాదం ఎక్కువో లెక్కకట్టి డాక్టర్ల దగ్గరికి పంపే ఏర్పాటు చేశారు. చివరికి బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే పశ్చిమ గోదావరిలో, చిత్తూరు వైపు రిషి వ్యాలీలో, కేరళలో తిరువనంతపురం దగ్గర ఇంకోటి చేశారు. అక్కడ ఆశ వర్కర్లు బీపీ ఉన్నవాళ్లను రెండు వారాలకోసారి గుంపుగా కూర్చోబెట్టి మూడు నెలలు మాట్లాడారు. తిండి, ఉప్పు, గోలీ, నడక, ఒకరి బీపీ ఒకరి ముందు చూసుకోవడం. అక్కడ బీపీ తగ్గింది. ట్యాబ్ వృథా అని నేననను. కాని మా అత్తమ్మను చూసినదాన్ని కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు. నీకు ప్రమాదం ఉందని చెప్పి పంపేస్తే మనిషి ఇంటికి పోతాడు. వచ్చే వారం మళ్లీ అడిగే వాళ్లుంటేనే గోలీ నోట్లోకి పోతుంది.

ఈ లెక్కలన్నిటిలో నాకు ఒకటే ఇబ్బంది. కార్యక్రమం చౌక అంటే అందులో ఎవరో చౌకగా పనిచేస్తున్నారని. మన ఆశ వర్కర్లకు 2022 జనవరిలో పెంచాక వచ్చింది నెలకు 9,750 రూపాయలు, అదీ జీతం కాదు, పారితోషికం. 18,000 స్థిర వేతనం కావాలని వాళ్లు ఎన్నిసార్లు రోడ్డెక్కారో పేపర్లో చూస్తూనే ఉన్నాం. గర్భిణులు, టీకాలు, టీబీ, సర్వేలు, పైన ఇప్పుడు బీపీ, షుగరు. రాత్రి తొమ్మిదికి ఫోన్లో వివరాలు ఎక్కిస్తూ కూర్చున్న మా ఊరి ఆశ వర్కర్‌ను చూశాను, పక్కన పిల్లవాడు హోంవర్కు చెప్పమని కొంగు లాగుతున్నాడు. ఆమెకు 18,000 ఇస్తే ఈ కార్యక్రమం ఖరీదైపోతుందా? 3 లక్షల 40 వేల పక్కన పెట్టి చూడండి. నాకైతే అప్పుడూ చౌకగానే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. గోలీ ఖర్చు, జీతం ఖర్చు రాష్ట్రమంతా ఒకటే కావొచ్చు. కాని కరీంనగర్ పల్లెలో ఇళ్లు దగ్గరగా ఉంటాయి, ఒక ఆశ వర్కర్ పొద్దున నలభై గడపలు ఎక్కి దిగగలదు. ఉట్నూరు వైపు గూడేనికీ గూడేనికీ మధ్య అడవి, వాగు. వానాకాలం కొన్నిచోట్ల దాటలేరు కూడా. అక్కడ ఒక్కో మనిషికి అయ్యే ఖర్చు ఎక్కువే అవుతుంది. సగటు చూసి ఖర్చు పెడితే అక్కడికి సరిపోదు. కాని పెద్దాసుపత్రి దూరంగా ఉన్న చోటే కదా, జబ్బు రాకుండా ఆపడం ఎక్కువ అవసరం. అక్కడ ఒక్క పక్షవాతం ఆగితే ఎంత మిగులుతుందో వదిన ఇల్లు చూస్తే తెలుస్తుంది.

ఉప్పు గురించి రాయకపోతే మీరే అడుగుతారు. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే ఒక చెంచా లోపు. మన ఇళ్లల్లో మామిడికాయ తొక్కు, పచ్చిపులుసు, పైన అప్పడం, పిల్లలకు మిక్చరు. తొక్కు ఒక్కటి తగ్గించినా తేడా తెలుస్తుంది, నేను వారానికి రెండు రోజులకు తెచ్చాను, ఇంట్లో కొంత గొడవ అయింది, సర్దుకుంది. ఊళ్లల్లో ఉప్పు తగ్గించడం మీద ఐసీఎంఆర్ వాళ్లు తెలంగాణ, పంజాబ్‌లలో ఒక ప్రాజెక్టు నడుపుతున్నారు. సోడియం తక్కువ ఉప్పు ప్యాకెట్లు కూడా దొరుకుతున్నాయి. అయితే వాటిలో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్ లాంటి గోలీలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా వాడొద్దు. మా అత్తమ్మకు అందుకే కొనలేదు, మామూలు ఉప్పే తక్కువ వేస్తున్నాను.

ఇదంతా రాస్తుంటే ఒకటి గమనించాను. గోలీలు తెచ్చిపెట్టేది మనం, వేసుకున్నారా అని అడిగేది మనం, కూరలో ఉప్పు చూసేది మనం, మంచం పడితే చేసేది మనం. మన బీపీ చూసుకునేది ఎవరు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో నలుగురిలో ఒకరికి బీపీ ఉంది. మా బజారులో బీడీలు చుట్టే ఆడవాళ్లు పది మంది కూర్చుని ఉంటే ఒకసారి ఏఎన్ఎం అక్కడికే మిషన్ తెచ్చి చూసింది. ముగ్గురికి ఎక్కువ ఉంది. ఆ ముగ్గురికీ అప్పటిదాకా తెలియదు. లేచి పోతే ఆ పూట బీడీలు తగ్గుతాయని ఎవరూ దవాఖానకు పోలేదు.

వదిన కూడా అంతే. మూడేళ్లు అన్నయ్య బీపీ అంకెలు నోటికి చెప్పింది గాని తనది చూపించుకోలేదు. పోయినేడు సంక్రాంతికి వచ్చినప్పుడు నేను ఇంట్లో మిషన్ పెట్టి చూశాను. 158/98. పది నిమిషాలాగి మళ్లీ చూస్తే 154/96. "పత్తి ఏరుడు అయిపోనీ, పోయి సూపిచ్చుకుంట" అన్నది. నేను ఊరుకోలేదు. వాళ్ల వైపు ఆశ వర్కర్ నంబరు వదిన దగ్గరే తీసుకుని, వదిన ముందే ఫోన్ చేశాను.

ఇప్పుడు ఇద్దరికీ గోలీలు నడుస్తున్నాయి. వాళ్ల ఊరికి రెండు కిలోమీటర్లలో ఉన్న సబ్‌సెంటర్‌లో ఇస్తున్నారు, నడిచిపోయి తెచ్చుకుంటున్నది. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు బస్సు ఉచితమైనా ఆ ఊరికి బస్సు రాదు, కాబట్టి ఈ రెండు కిలోమీటర్లే ఆమెకు పెద్ద పథకం. పోయిన నెల బీపీ 138/86కు వచ్చిందని సంబరంగా ఫోన్ చేసింది.

ఈ నెల ఫోన్‌లో గొంతు వేరుగా ఉంది. సరుకు తక్కువొచ్చిందని నెలకు ఇవ్వాల్సినవి పదిహేను రోజులకే ఇచ్చారట. మిగతావి ఎప్పుడొస్తాయో తెలియదన్నారట. పదిహేనో రోజు మళ్లీ పోతే మండలానికి పొమ్మంటారేమోనని ఆమె భయం. ఆటోకు 80, ఒక పూట అన్నయ్య దగ్గర కూర్చునే మనిషి. నేను ఇక్కడ జన ఔషధిలో ఇద్దరికీ నెలకు సరిపడా కొని, మొన్న అటు పోయే మా పక్కింటివాళ్ల చేతికిచ్చి పంపాను. 70 రూపాయలైంది. వదిన అందినయని చెప్పి, "నువ్వు చూపించుకున్నవా మరి?" అని అడిగింది. చూపించుకున్నాను. 124/80.